కారుతున్న కారు, విప్పని బాక్సు

"ఇప్పుడెవరూ విప్పరు సార్, మార్చేస్తారు."

స్టీరింగు దగ్గర నూనె కారుతోందని కారును తీసుకుపోతే, తిరుపతిలో ఒక పెద్ద వర్క్‌షాపులో ఎస్టిమేటు రాసే కుర్రవాడు ఏడాదిన్నర కిందట నాతో అన్న మాట ఇది. మర్యాదగానే అన్నాడు. కంప్యూటరు తెరను నా వైపు తిప్పి, స్టీరింగు తిప్పుడును ముందు చక్రాలకు అందించే స్టీరింగ్ బాక్సు ఒకటి, పవర్ స్టీరింగ్ పంపు ఒకటి, కూలి, పన్నులు అన్నీ కలిపి 1,30,000 రూపాయల పైన తేలిన మొత్తాన్ని చూపించాడు. కారు కింద పడుకుని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, లిఫ్టు మీదికి ఎత్తి చూశామనీ, బాక్సు అడుగున తడిగా ఉందనీ, అందుచేత బాక్సు పోయినట్టేననీ చెప్పాడు. ఆ రోజు నేను ఏమీ అనకుండా తాళం చెవి తీసుకుని ఇంటికి వచ్చేశాను గానీ, ఆ మాటతో నా వాదన మాత్రం ఇప్పటిదాకా సాగుతూనే ఉంది. ఈ వ్యాసం ఆ వాదనే. ఇందులో నేను అన్ని చోట్లా గెలవలేదని ముందే ఒప్పుకుంటున్నాను.

కారు మా నాయనది. 1996లో రిజిస్టరైన మెర్సిడెస్ ఇ220. పుణేలో 1995 నుంచి బిగించడం మొదలుపెట్టిన డబ్ల్యూ124 తరం బండి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆయన భాగస్తుడుగా ఉన్న రోజుల్లో, తోతాపురి ధర బాగా పలికిన ఒక సంవత్సరం, 2001లో, చెన్నైలో ఒకరి దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నారు. ఫ్యాక్టరీ పోయింది, నాయన పోయారు, కారు మిగిలింది. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని. కార్ల పిచ్చి ఉన్నవాణ్ని కాను. ఈ ఒక్క కారు పిచ్చి మాత్రం ఉంది.

ముగ్గులో ఎర్రచుక్క

మొదట పసిగట్టింది నేను కాదు, నా భార్య. ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేయడానికి కారును పక్కకు తీయమని అడిగేది. ఒక రోజు కారు తీశాక, కుడివైపు ముందు చక్రం ఉండిన చోట, ముందురోజు ముగ్గులో మిగిలిన తెల్లగీత మీద ఎర్రటి మరక కనిపించింది. కుంకుమ పడిందనుకుని వేలితో తీసి చూసిందట, జిడ్డుగా ఉంది. "మీ నాయన కారు కారతా ఉండాది చూడండి" అని కేకేసింది. తెలుగులో ఈ వాహనానికి ఈ పేరు పెట్టినవాళ్లు ముందుచూపు ఉన్నవాళ్లేనని అప్పటి నుంచీ నా అనుమానం.

ఎర్ర రంగును బట్టి ఏ నూనె అన్నది కొంత తెలుస్తుంది. ఇంజన్ ఆయిల్ నల్లబడి ఉంటుంది, బ్రేకు ఆయిల్ నీళ్లలా పలచగా ఉంటుంది. బెంజి కంపెనీ పవర్ స్టీరింగుకు చెప్పిన నూనె నిజానికి లేత పసుపు రంగులో ఉంటుంది గానీ, మా కారులో ఎప్పుడో ఎవరో ఎర్రటి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేరుబాక్సులకు పోసే నూనె, పోశారు, అదే కొనసాగుతూ వచ్చింది. అయితే ఈ తరం బెంజిలో చేత్తో మార్చే గేరుబాక్సుకు కూడా ఏటీఎఫ్ జాతి నూనే పోస్తారు కనుక రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. మరక ఎక్కడ పడిందో కూడా చూడాలి. గేరుబాక్సుదైతే కారు నడుమన పడుతుంది. ఇది కుడి చక్రం పక్కన, స్టీరింగ్ బాక్సు కిందనే పడింది. అందుచేత అనుమానం స్టీరింగు మీదికే పోయింది. అనుమానం అంతవరకు సరైనదే. అయితే ఆ బాక్సు పైన రెండు హోసులు, వాటి జాయింట్లు, పంపు, పంపుకే అతికి ఉండే నూనె డబ్బా ఉన్నాయనీ, నూనెకు పై నుంచి కిందికి దిగడం తప్ప వేరే విద్య తెలియదనీ మాలో ఎవరికీ తట్టలేదు.

పోసుకుంటూ పోదాం

మా బావ సిద్ధాంతం వేరు. "కారే దాన్ని ఆపడం ఎందుకు బావా? ఎంత కారిందో అంత పోసుకుంటూ పో. లీటరు డబ్బా ఎంతని? నీ జీవితకాలానికి పది డబ్బాలు చాలు." వినడానికి తేలికగా ఉంది గానీ, కాదనడానికి నాకు వెంటనే కారణం దొరకలేదు. రాత్రికి ముప్పై నలభై చుక్కలు పడుతున్నాయి. అంటే సుమారు రెండు మిల్లీలీటర్లు. నెలకు అరవై. డబ్బా మూత తీసి నెలకోసారి కాస్త పోస్తే సరిపోతుంది. దీని కోసం లక్ష ఖర్చు పెట్టేవాడు తెలివైనవాడని ఎవరూ అనరు. పైగా ఈ బండిలో పవర్ సాయం పూర్తిగా పోయినా చక్రానికీ చేతికీ మధ్య ఉన్న ఇనుప బంధం పోదు. స్టీరింగు బరువెక్కుతుంది, అంతే. ఆ ధైర్యంతో దాదాపు పది నెలలు పోసుకుంటూనే నడిపాను.

ఆ లెక్కలో పొరపాటు ఎక్కడుందో ఇప్పుడు తెలుసు. కారే జాగా ఎప్పుడూ అంతే వేగంగా కారుతుందని నేను ఊహించుకున్నాను. ఈ నూనె మామూలుగా నిలవ ఉండే నూనె కాదు. తిన్నగా పోతున్నప్పుడు ఒత్తిడి తక్కువే ఉంటుంది గానీ, నిలబడిన చోట స్టీరింగు చక్రాన్ని చివరిదాకా తిప్పి పట్టుకుంటే పంపులోని రిలీఫ్ వాల్వు తెరుచుకునేదాకా పెరుగుతుంది. టైరులో గాలి రెండు బార్లు ఉంటే ఇక్కడ దానికి ముప్పై నలభై రెట్లు ఉంటుంది. (మా వాడు కారు పార్కు చేసేటప్పుడు స్టీరింగును చివరికి తిప్పి, అలాగే పట్టుకుని, ఫోనులో మాట్లాడతాడు. పంపు మూలుగుతూ ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే.) ఆ ఒత్తిడికి ఈ రోజు చెమ్మగిల్లిన జాగా ఏ రోజు తెరుచుకుంటుందో చుక్కల లెక్క చెప్పదు. పైగా డబ్బాలో నూనె తగ్గితే పంపు గాలిని లాగుతుంది. గాలి కలిసిన నూనె నురగై, పంపులోని రేకులకు తడి అందక, అవి చుట్టూ ఉన్న ఉంగరాన్ని గీకడం మొదలుపెడతాయి. ఆ గీకుడులో రాలిన పొడి నూనెతోపాటు బాక్సులోకి పోతుంది. ఒక రబ్బరు ముక్క చేసిన తప్పుకు రెండు ఇనుప భాగాలు శిక్ష అనుభవిస్తాయన్నమాట. కారిన నూనె ఇంజన్ మౌంటు రబ్బరునూ, స్టీరింగ్ కాలమ్‌కు అడుగున ఉండే రబ్బరు కప్లింగునూ మెత్తబరచడం మరో సంగతి.

పదకొండో నెలలో అంగట్లో ఒక "స్టాప్ లీక్" సీసా కూడా కొని పోశాను. నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు ఉంగరాలను సీళ్లంటారు, గట్టిపడిన సీళ్లను అది ఉబ్బిస్తుంది. మూడు వారాలు చుక్క పడలేదు. నాలుగో వారం మళ్లీ మొదలైంది. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

మూడు అంకెలు కలిస్తే చాలదు

వర్క్‌షాపు ఎస్టిమేటు చూసి వచ్చాక, విప్పితీరాలన్న పంతం నాలో పెరిగింది. పంతం అని ఎందుకంటున్నానంటే, అది అప్పటికి ఆలోచన కాదు. నాయన కారులో పుట్టుకతో వచ్చిన భాగాన్ని తీసి పారేయడం ఇష్టం లేకపోవడం, లక్ష రూపాయలు ఇవ్వడం ఇష్టం లేకపోవడం, రెండూ కలిసి సూత్రం వేషం వేసుకున్నాయి.

రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన ఒక మెకానిక్ చేస్తానన్నాడు. బాక్సు అడుగున, పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు తిప్పుడును చక్రాల కడ్డీలకు అందించే ఇనుప చెయ్యి) తగిలించే షాఫ్టు చుట్టూ ఉండే సీలును పీకి, దాన్ని చేతిలో పెట్టి, "దీని సైజుది తెచ్చేయండి సార్" అన్నాడు. బేరింగుల అంగడికి పోయాను. అక్కడ ఆయిల్ సీళ్లను మూడు అంకెలతో అడుగుతారు: లోపలి కొలత, బయటి కొలత, మందం. మూడూ సరిగ్గా కలిసిన సీలు రెండు వందల లోపే దొరికింది. లక్షా ముప్పై వేల సమస్యను రెండు వందలతో పరిష్కరించానని ఆ సాయంత్రం మా బావకు ఫోను చేసి మరీ చెప్పుకున్నాను.

రెండు నెలలు కూడా నిలవలేదు. ఆ సీలు చక్రాల హబ్బులోనో, గేరుబాక్సు చివరనో, ఒత్తిడి లేకుండా తిరిగే నూనెను ఆపడానికి తయారైనది. స్టీరింగ్ బాక్సు షాఫ్టు దగ్గర సీలు వెనక నూనె ఒత్తిడితో ఉంటుంది. అక్కడి సీలు పెదవి అందుకు తగ్గట్టు బలంగా, రబ్బరు కూడా వేడినీ ఈ నూనెనూ తట్టుకునే రకంగా ఉండాలి. కొలత ఒకటైనంత మాత్రాన జాతి ఒకటి కాదు. ఫిజిక్సు చెప్పినవాడికి ఇది ముందే తట్టవలసింది. ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందనే పాస్కల్ నియమం నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు రాశానో నాకే గుర్తులేదు.

ఇంకో ఉపకారం కూడా చేశాడు ఆ మెకానిక్. స్టీరింగులో కొంచెం లూజు ఉందని బాక్సు మీది సర్దుబాటు స్క్రూను బిగించాడు. అప్పటి నుంచి మలుపు తిప్పాక చక్రం తనంతట తాను నడుమకు రావడం మానేసింది. ఈ రకం బాక్సులో ఉక్కుగుండ్లు ఒక మర దారిలో తిరుగుతూ నట్టును నడుపుతాయి, ఆ నట్టు పళ్లు షాఫ్టును తిప్పుతాయి. నడుమ స్థానంలో అతి స్వల్పమైన బిగువు ఉండేలా ఫ్యాక్టరీలో అమర్చి పంపుతారు. లూజు చాలాసార్లు బాక్సులో ఉండదు, ఆ కడ్డీలకు అవతలి వైపు ఆసరాగా ఉండే ఐడ్లర్ ఆర్మ్ బుష్షులోనో, రాడ్డు చివరల్లోనో ఉంటుంది. అక్కడ చూడకుండా స్క్రూ తిప్పితే మంచి బాక్సు కూడా చెడుతుంది.

ఈ దశలో ఆ వర్క్‌షాపు కుర్రవాడి మాట నిజమేమోనని గట్టిగా అనిపించింది. విప్పడం మంచిదే, విప్పేది ఎవరన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

భాకరాపేట ఘాట్

వేసవిలో మదనపల్లెలో పెళ్లికి పోయి వస్తున్నాం. భాకరాపేట ఘాటులో దిగుతుండగా ఒక మలుపులో స్టీరింగు చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయినట్టయింది. బానెట్టు కింద నుంచి కాలిన నూనె వాసన వచ్చింది. రెండు చేతులతో లాగి పక్కకు తీసి ఆపాను. ప్రెజర్ హోసు, అంటే పంపు నుంచి బాక్సుకు ఒత్తిడి నూనెను తీసుకుపోయే గొట్టం, దాని ఇనుప కొసకు రబ్బరును నొక్కి బిగించిన చోట చీలిపోయింది. వేడి ఇంజన్ మీద నూనె చిమ్మి పొగ వస్తోంది. అది మంటగా మారకపోవడం మా అదృష్టం.

సాయం పోయినా స్టీరింగు పోదు అన్న మాట నిజమే. కానీ టన్నున్నరకు దగ్గరగా ఉండే బండిని, పవర్ స్టీరింగుకు అలవాటు పడిన చేతులతో, ఘాటు మలుపులో, ఎదురుగా లారీ వస్తుండగా, సాయం పోయిన ఆ క్షణంలో తిప్పడం ఎలా ఉంటుందో ఆ మాట చెప్పదు.

తరువాత నేను చేసిన పని ఇంకా పెద్ద తప్పు. పెళ్లి బట్టలతో ఉన్న ఇంటివాళ్లను రోడ్డు పక్కన నిలబెట్టి టోయింగు బండికి ఎదురుచూడలేక, అలాగే తిరుపతిదాకా నడిపాను. ఈ ఇంజన్‌లో ఆల్టర్నేటరునూ, వాటర్ పంపునూ, స్టీరింగ్ పంపునూ ఒకే పొడుగాటి బెల్టు తిప్పుతుంది. స్టీరింగ్ పంపును మాత్రం ఆపే దారి లేదు. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు అది ఖాళీ కడుపుతో తిరిగింది.

ఇంటికి చేరాక గుర్తొచ్చిన సంగతి ఒకటి. ఆ 1,30,000 ఎస్టిమేటులో బాక్సు ఉంది, పంపు ఉంది, హోసు లేదు. నేను ఆ రోజు డబ్బు కట్టి ఉంటే, కొత్త బాక్సుకు, కొత్త పంపుకు, పాత హోసునే తగిలించుకుని ఇదే ఘాటులో ఇలాగే నిలబడి ఉండేవాణ్ని.

గోరు

చిత్తూరులో ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఒక మేస్త్రీని చూపించాడు. ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన మనిషి, నాకన్నా ఐదారేళ్లు పెద్ద. బస్సుల పవర్ స్టీరింగ్ బాక్సులు విప్పి బిగించడమే ఆయన సర్వీసులో సగం. "బెంజి ఎప్పుడూ చెయ్యలేదు సార్. కానీ గుండ్ల బాక్సే కదా, మా బస్సుదాని తమ్ముడు" అన్నాడు. కారును లారీ మీద ఎక్కించి చిత్తూరు పంపాను.

ఆయన మొదటి రోజంతా ఒక్క బోల్టు కూడా విప్పలేదు. తాత్కాలికంగా ఒక హోసు కట్టి, నూనె పోసి, పంపు నుంచి బాక్సుదాకా డీజిలుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టాడు. "ఈడ కారతా ఉండేది ఆడ నుంచి దిగి వచ్చిందో ఏమో. ముందు కడగల్ల సార్." తరువాత ఇంట్లో నుంచి ముఖానికి పూసుకునే పౌడరు డబ్బా తెచ్చి, జాయింట్ల మీద, బాక్సు మూత మీద, అడుగున షాఫ్టు చుట్టూ, డబ్బా అంచు చుట్టూ చల్లాడు. ఇంజను స్టార్ట్ చేసి, నన్ను చక్రం అటూ ఇటూ తిప్పమన్నాడు. చివరిదాకా తిప్పగానే వదిలెయ్యమని రెండుసార్లు హెచ్చరించాడు. ఇరవై నిమిషాల తరువాత టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడరులో తడిదారులు స్పష్టంగా కనిపించాయి. నూనె డబ్బాకూ పంపుకూ మధ్య ఉన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు ఉంగరం) దగ్గర ఒకటి, అడుగున షాఫ్టు సీలు దగ్గర ఒకటి. బాక్సు పైమూత పొడిగా ఉంది. పాత హోసు కొస చుట్టూ పేరుకున్న నల్లటి మడ్డిని చూపించి, అది ఈ వేసవిలో చీలిందే గానీ ఏడాదిపైగా చెమ్మగిల్లుతూనే ఉండి ఉంటుందన్నాడు. ముగ్గులో పడిన ఎర్రచుక్క ఈ మూడింటిలో దేనిదో ఇక ఎవరూ చెప్పలేరు.

రెండో రోజు బాక్సును దించాడు. చక్రాలు తిన్నగా పెట్టి, పిట్‌మన్ ఆర్మ్ మీదా షాఫ్టు మీదా ఒకే గీత వచ్చేలా సుత్తి, ఉలితో గుర్తు కొట్టి, అప్పుడు పుల్లర్ తగిలించాడు. షాఫ్టు బయటికి వచ్చాక దాన్ని కిరసనాయిలులో కడిగి, బనియను గుడ్డతో తుడిచి, వెలుతురులోకి పట్టాడు. సీలు పెదవి ఆనే చోట చుట్టూ సన్నటి మెరుపుగీత ఉంది. దాని మీద బొటనవేలి గోరును అడ్డంగా, నెమ్మదిగా, మూడు చోట్ల లాగి చూశాడు. తరువాత షాఫ్టు నా చేతికిచ్చి నన్నూ లాగమన్నాడు. గీత కంటికి కనిపిస్తోంది గానీ గోరు ఎక్కడా తగులుకోలేదు.

"గోరు తగులుకుంటే ఎంత మంచి సీలు ఏసినా నిలవదు సార్, మార్చల్సిందే. తగులుకోలేదంటే ఇనుముకేం కాలేదని లెక్క. చచ్చింది రబ్బరు. రబ్బరు చావడానికే పుట్టింది."

నా వాదనకు నేను అన్నాళ్లుగా వెతుకుతున్న ఆధారం ఆ గోరులో దొరికింది. బాగుచేయడమా మార్చడమా అన్నది డబ్బు తేల్చే ప్రశ్న కాదు, నాయన మీది ప్రేమ తేల్చే ప్రశ్నా కాదు. విప్పి చూసిన ఇనుము తేల్చే ప్రశ్న. ఇనుము బాగుంటే రబ్బరు మార్చాలి. ఇనుము గుంటపడితే, తుప్పు తింటే, దాన్ని పట్టుకుని వేలాడకూడదు. ఏది జరిగిందో విప్పనిదే తెలియదు. "ఎవరూ విప్పరు" అన్న మాటతో నాకు పేచీ అందుకే. మార్చడం తప్పని కాదు, చూడకుండా మార్చమనడం తప్పని.

సరైన సీలు కిట్టు చెన్నైలో విదేశీ కార్ల భాగాలు తెప్పించే ఒక దుకాణం ద్వారా పదిహేను రోజులకు వచ్చింది. కొత్త సీలు ఎక్కించేటప్పుడు షాఫ్టు మీది పళ్ల మీద సన్నటి టేపు చుట్టాడు, ఆ పళ్ల అంచులకు సీలు పెదవి తెగకుండా. పెదవికి గ్రీసు రాసి, సీలును పాతదానికన్నా ఒక పిసరు లోపలికి కూర్చోబెట్టాడు, పెదవి పాత మెరుపుగీత మీద కాకుండా పక్కన కొత్త ఇనుము మీద ఆనేలా. ఆ మధ్యాహ్నం పనిలో నాకు బాగా గుర్తున్నది ఆ టేపు చుట్టే తీరు. ఒక్క మడత లేకుండా, పసిబిడ్డ వేలికి కట్టు కట్టినట్టు. ఉక్కుగుండ్ల జోలికి పోలేదు. సర్దుబాటు స్క్రూను మాత్రం మళ్లీ పాత మడ్డి గీత కలిసేదాకా వెనక్కి తిప్పి వదిలాడు.

పంపు దగ్గర నేను ఓడిపోయాను

పంపు విషయంలో నేను ఆయనతో వాదించాను. సీళ్లు మార్చి బిగించమన్నాను. ఆయన నూనె డబ్బా అడుగున ఉండే ఫిల్టరును తీసి తెల్లగుడ్డ మీద దులిపాడు. ఎండలో ఆ మడ్డి వెండిపొడి చల్లినట్టు మెరిసింది. పంపు విప్పితే లోపలి ఉంగరం మీద అలలు అలలుగా గీతలు. గోరు ప్రతి గీత దగ్గరా తగులుకుంది.

"దీనికి అగరొత్తులు ఎలిగించి పూజ చేసుకోండి సార్, నాయన గుర్తుగా. బండికి మాత్రం కట్టగూడదు. ఈ పొడి మళ్లా బాక్సులోకి పోతుంది."

భాకరాపేట నుంచి తిరుపతిదాకా దాన్ని చంపినది నేనే కాబట్టి మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు. కొత్త పంపు తెప్పించాం. పాత నూనె అంతా పోవడానికి, బాక్సు నుంచి నూనెను తిరిగి డబ్బాకు చేర్చే రిటర్న్ హోసు కొసను ఖాళీ సీసాలో పెట్టి, పై నుంచి కొత్త నూనె పోస్తూ, ముందు చక్రాలు జాకీ మీద ఎత్తి, ఇంజను ఆపి ఉంచి చక్రాన్ని అటు చివర నుంచి ఇటు చివరకు తిప్పుతూ, వచ్చే నూనె తేటగా అయ్యేదాకా కడిగాడు. ఈసారి కంపెనీ చెప్పిన లేత పసుపు నూనే.

హోసు సంగతి ఇంకా నా మనసులో తేలలేదు. కంపెనీ హోసు రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. గ్రానైటు క్వారీలూ జేసీబీలూ తిరిగే జిల్లా కనుక హైడ్రాలిక్ హోసులు నొక్కి బిగించే అంగళ్లకు ఇక్కడ కరువు లేదు. పాత ఇనుప కొసలను ఉంచి, నడుమ రెండు తీగవలల గొట్టం వేసి అరగంటలో బిగించి ఇచ్చారు. ఒత్తిడి లెక్కన అది కారుకు కావలసినదానికన్నా బలమైనదే. అయితే పంపు కొట్టే అదురును మింగే గుణం కంపెనీ హోసులో ఉంటుంది, ఇందులో లేదు. చల్లటి ఉదయం స్టార్ట్ చేసి చక్రం తిప్పితే ఇప్పుడు సన్నటి హోరు వినిపిస్తుంది. బిరుసుగా ఉండడం వల్ల మలుపు దగ్గర ఇంజను పక్కకు రాసుకోకుండా అదనంగా ఒక క్లాంపు కట్టవలసి వచ్చింది. ఇది బాగుచేయడమా, సరిపెట్టుకోవడమా? కంపెనీ హోసుకు ఆర్డరు ఇచ్చి ఉంచాను.

పుదుపేటలో కారని బాక్సు

సీలు కిట్టు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో చెన్నై పుదుపేటకు కూడా ఒకసారి పోయి వచ్చాను. పాత కార్ల భాగాలకు మన వైపు నుంచి అందరూ పోయేది అక్కడికే. ఒక అంగట్లో ఇదే మోడలు స్టీరింగ్ బాక్సు ఉంది. యజమాని దాన్ని తుడిచి చూపించి, తమిళం కలిసిన తెలుగులో, "చుక్క కూడా కారదు సార్, గ్యారంటీ" అన్నాడు. నూనె లేని బాక్సు ఎలా కారుతుందని అడిగితే నవ్వేశాడు. ఏళ్ల తరబడి ఎండిపోయి పడి ఉన్న బాక్సులో సీళ్లు గట్టిపడి, నూనె పోసిన వారానికే కారడం మొదలుపెడతాయి. అంటే దాన్ని కొన్నా సీళ్లు మార్చక తప్పదు. అలాంటప్పుడు చరిత్ర తెలియని బాక్సుకన్నా చరిత్ర తెలిసిన మన బాక్సుకే మార్చుకోవచ్చు కదా. ఇంటర్నెట్టులో చవకగా దొరికేవి ఎడమచేతి స్టీరింగు దేశాలవి, మన కుడిచేతి బండికి కూర్చోవు. మా మేనల్లుడు సూచించినట్టు చిన్నకారులోని ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగును దీనికి అమర్చే ఆలోచనను ఒక సాయంత్రం కన్నా ఎక్కువసేపు మోయలేదు. తయారీదారు చెప్పిన తీరు మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఏమంటుందో చదివాక ఆ సాయంత్రం కూడా అనవసరమనిపించింది.

మార్చేవాళ్ల పక్షాన

ఇంత రాశాక ఆ వర్క్‌షాపు కుర్రవాడికి న్యాయం చేయవలసిన బాధ్యత నాకుంది. వాళ్లది మోసం కాదు. చిత్తూరు మేస్త్రీ నా కారు మీద, భాగాల కోసం ఆగిన రోజులు కాక, ఆరు పూర్తి రోజులు పనిచేశాడు. వర్క్‌షాపులో ఒక బేలో ఒక కారు ఆరు రోజులు నిలబడితే ఆ అద్దె ఎవరు కట్టాలి? బాగుచేసిన సీలు మళ్లీ కారితే నేను వాళ్లనే తిడతాను. కొత్త బాక్సు కారితే కంపెనీని తిడతాను. నింద ఎటు పోవాలన్న లెక్క ఆ ఎస్టిమేటులో ఉంది, అది అర్థం చేసుకోదగినదే. స్టీరింగు వంటి చోట పొదుపు చూడకూడదన్న వాళ్ల మాటను కూడా నేను తోసిపుచ్చను. అయితే సీలు కారడం వల్ల చక్రం చేతిలో నుంచి జారిపోదు. పిట్‌మన్ ఆర్మ్ నట్టు సరిగా బిగించకపోతే జారిపోతుంది. ఆ నట్టును ఎవరో ఒకరు బిగించవలసిందే, బాక్సు కొత్తదైనా పాతదైనా.

నాకు జవాబు దొరకని అభ్యంతరం ఒకటే. నా వాదన అంతా డెబ్బై ఏళ్ల ఒక మనిషి బొటనవేలి గోరు మీద నిలబడి ఉంది. ఆయన షెడ్డులో నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. ఎందుకని అడిగితే, కొడుకు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు అనీ, వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు నెల తిరక్కుండా డెలివరీ పనికి పోయారనీ చెప్పాడు. విప్పగలిగినవాళ్లు లేనప్పుడు "విప్పి చూడండి" అని నేను సలహా ఇవ్వడం ఎంతవరకు నిజాయితీ? రేణిగుంట రోడ్డు మెకానిక్ కూడా విప్పాడు కదా.

భాగాలు, కూలి, లారీ బాడుగ అన్నీ కలిపి నాకైన ఖర్చు 42,000 రూపాయల చిల్లర. అందులో సగానికి పైగా కొత్త పంపుదే. మొదట్లోనే ఓ-రింగు, హోసు, సీలు మార్చి ఉంటే ఆ సగం ఉండేది కాదు.

అట్టముక్క

కారు ఇంటికి వచ్చిన రోజు నుంచి దాని కింద ఒక అట్టముక్క పరిచి ఉంచుతున్నాను, ఫ్రిజ్ డబ్బాది. రోజూ ఉదయం తీసి చూడడం అలవాటైంది. నాలుగు నెలలు పొడిగా ఉంది. గత వారం రెండు మరకలు కనిపించాయి. ఒకటి ఏసీ నీళ్లు, ఆరిపోయింది. రెండోది ఆరలేదు, చుట్టూ లేత పసుపు అంచు ఉంది. చిత్తూరుకు ఫోను చేశాను.

"రిటర్న్ హోసు క్లిప్పు అయ్యుంటుంది సార్. అయినా ఊహ ఎందుకు, తుడిచి పౌడరు చల్లండి. రేప్పొద్దున చెప్పండి" అన్నాడు.

తుడిచి చల్లాను. నా భార్య పౌడరు డబ్బా ఎక్కడికి పోయిందని ఇంకా అడగలేదు.